మత్తునందున్న రోగి మేనివేడి

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

ఈ మహాసభయందు విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, నిరాధారులైన సోదరీమణుల పోషణనిధిని గూర్చియు పెద్దలు విపులముగ ప్రసంగించిరి. ఆ ప్రసంగములకు పిమ్మట నాకు నియమింపబడిన విషయము మిక్కిలి చిన్నదిగ దోచవచ్చును. శస్త్రచికిత్స జరుగునపుడు మత్తునందున్న రోగియొక్క మేనివేడిని కాపాడుట యెట్లు అనునదియే నా విషయము. ఇది డాక్టర్లు తమలో తాము ముచ్చటించుకొనవలసిన సంగతి గదా, మాతో నేమి పని యని కొందరు తలపవచ్చును. కాని శస్త్రచికిత్స గడప త్రొక్కని గృహము నేడు మనలో నరుదు. ఒక యింట కాన్పు, ఒక యింట పిత్తాశయపు రాళ్లు, ఒక యింట పెద్దవారి తుంటియెముక, ఒక యింట పసిబిడ్డ పెదవిచీలిక; ఏదో యొక కారణమున మనలో ప్రతివారును ఎప్పుడో యొకప్పుడు ఆపరేషను గది తలుపునొద్ద కూర్చుండినవారమే. అదియునుగాక ఆసుపత్రులకు వార్డులు కట్టించిన దాతలును, కట్టింపదలచిన దాతలును ఈ సభయందు గలరు. కావున ఇది మన విషయమే యని నా మనవి.

నేను చెప్పదలచినదంతయు నొక్క మాటలో నిమిడియున్నది. మేలుకొనియున్న మనుష్యుడు చలివేసినచో దుప్పటి కప్పుకొనును. ఉక్కపోసినచో విసనకఱ్ఱ చేతబట్టును. నిద్రించువాడు సైతము చలికి ముడుచుకొని పరుండును. మత్తునందున్నవాడు వీనిలో నేదియు చేయజాలడు. అతని తరపున ఆ పని మరియొకరు చేయవలెను. అట్లు చేయుట దయాదాక్షిణ్యము కాదు. చికిత్సలో నొక భాగము.

ముందు కొంచెము పూర్వవృత్తాంతము. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాదేశమునందలి బోస్టను నగరములో మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరుగునట్లు చేసి చూపెను. మరుసటి సంవత్సరము ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును వాడుకలోనికి దెచ్చెను. క్లోరోఫారము వలన కొందరు బల్లమీదనే హఠాత్తుగ మరణించుచుండిరి. ఆ మరణములకు కారణము గుండెయా, శ్వాసయా యను వివాదము దీర్చుటకై మన హైదరాబాదునందే 1888, 1889 సంవత్సరములలో రెండు విచారణసంఘములు పరిశోధనలు జరిపినవి. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ వీనికి నాయకుడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభువు ద్రవ్యసహాయము చేసెను. లండనునుండి లాన్సెటు పత్రిక తరపున లాడర్ బ్రంటను వచ్చి రెండవ సంఘమునందు పాల్గొనెను. రూపాబాయి ఫర్దూంజీ యను వైద్యురాలు ఆ కాలముననే హైదరాబాదునందు రోగులకు క్లోరోఫారము నిచ్చుచు, ప్రపంచమునందలి తొలి మహిళా మత్తువైద్యులలో నొకరుగ పేరొందెను.

శ్వాసను కనిపెట్టియున్న చాలును, గుండెకు భయము లేదని ఆ సంఘములు తేల్చినవి. 1911వ సంవత్సరమున లెవీ యను పరిశోధకుడు క్లోరోఫారము గుండె లయను చెడగొట్టి ప్రాణము తీయగలదని నిరూపించెను. ఒక్క గుర్తును మాత్రమే నమ్ముకొనుట చాలదని ఈ చరిత్రము మనకు బోధించుచున్నది. కాలక్రమమున శ్వాసతోపాటు నాడిని, రక్తపుపోటును, రక్తమునందలి ప్రాణవాయువును కనిపెట్టుట అలవాటయ్యెను. మేనివేడి మాత్రము చాలకాలము వెనుకబడియే యుండెను. దాని ప్రాముఖ్యము అంకెలతో స్పష్టముగ తేలినది 1990 తరువాతి సంవత్సరములలోనే.

ఇక మేనివేడి సంగతి. మన శరీరము నొక దేవాలయముతో పోల్చి చూతము. మెదడు, గుండె, కాలేయము మొదలగు లోపలి యవయవములు గర్భగృహము. చేతులు, కాళ్లు, చర్మము బయటి ప్రాకారములు. గర్భగృహమునందలి వేడి ఇంచుమించు 37 డిగ్రీల సెంటిగ్రేడు. అనగా మన యిండ్లలోని పాత థర్మామీటరు లెక్కలో 98.6 డిగ్రీల ఫారన్‌హీటు. ప్రాకారములయందు వేడి అంతకు రెండు మొదలు నాలుగు డిగ్రీలు తక్కువగ నుండును. మెదడునందు హైపోథలామసు అను చిన్న భాగ మొకటి గలదు. అదియే ఈ వేడికి కావలివాడు. లోపలి వేడి డిగ్రీలో నయిదవవంతు మారినంతనే ఆ కావలివాడు పనికి బూనుకొనును. వేడి తగ్గినచో చర్మపు రక్తనాళములను బిగించి, వెచ్చని రక్తము బయటికి పోకుండ గర్భగృహపు తలుపులు మూయును. అప్పటికిని చాలకున్న వణకు పుట్టించి, కండరములచేత వేడి చేయించును. వేడి హెచ్చినచో నాళములను విప్పి చెమట పట్టించును.

మత్తుమందు రోగితోపాటు ఈ కావలివానిని గూడ నిద్రపుచ్చును. డిగ్రీలో నయిదవవంతు మార్పునకే లేచువాడు, రెండు మొదలు నాలుగు డిగ్రీలు మారువరకు లేవడు. అంతియగాక మందుల ప్రభావముచేత చర్మపు నాళములు విప్పారి, గర్భగృహపు తలుపులు తెరచుకొనును. లోపలి వెచ్చని రక్తము కాళ్లుచేతులకు ప్రవహించును. అచ్చటి చల్లని రక్తము లోపలికి వచ్చును. అందువలన మత్తిచ్చిన మొదటి గంటలోనే లోపలి వేడి ఒకటి మొదలు ఒకటిన్నర డిగ్రీవరకు దిగిపోవును.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి గలదు. ఈ మొదటి గంటలో శరీరమును విడిచిపోయిన వేడి తక్కువ. లోపలినుండి వెలుపలి భాగములకు పంపకమైన వేడియే యెక్కువ. కావున మత్తిచ్చిన తరువాత పైన నెన్ని దుప్పట్లు కప్పినను ఆ దిగుడు వెంటనే యాగదు. మత్తునకు ముందే కాళ్లుచేతులను వెచ్చబరచి యుంచినచో, లోపలి వేడి బయటికి పరుగెత్తవలసిన యవసర ముండదు. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట మనవారికి తెలిసిన సామెతయే గదా. రోగికి వెచ్చదనము మత్తునకు ముందే సమకూర్పవలెను.

తరువాతి రెండు మూడు గంటలు వేడి మెల్లమెల్లగ తగ్గుచుండును. ఆ సమయమున శరీరము పుట్టించు వేడికన్న బయటికి పోవు వేడి హెచ్చు. మూడు నాలుగు గంటలు గడచి లోపలి వేడి బాగుగ దిగిన మీదట కావలివాడు కొంత తెలివి తెచ్చుకొని నాళములను బిగించును. అప్పుడు దిగుడు ఆగును.

“మనది ఉష్ణదేశము గదా! రోహిణీకార్తెలో రోళ్లు పగులునట్టి యెండ కాయు చోట రోగికి చలి యెక్కడినుండి వచ్చును?” అని యడుగవచ్చును. ఎండ గోడకు వెలుపలనే నిలిచిపోవును. లోపల చల్లదనపు యంత్రము తిరుగుచుండును. శస్త్రవైద్యుడు పొరలపొరల వస్త్రములు, చేతితొడుగులు, ముఖమునకు గుడ్డ ధరించి, పెద్ద దీపము క్రింద గంటలకొలది నిలిచి పనిచేయును. అతనికి చల్లదనము కావలెను. రోగియో పలుచని వస్త్రముతో, కొన్నియెడల అదియును లేక, బల్లపై పరుండియుండును. ఆచ్ఛాదన లేని మనుష్యునకు ప్రయాస లేకుండ వేడి నిలుచుటకు గదిలో ఇంచుమించు 28 డిగ్రీలుండవలెను. ఆపరేషను గది సాధారణముగ 20 డిగ్రీల దరిదాపున నుండును. ఆ గదిలో చల్లదనము ఎవనికి అక్కరలేదో, వానికే అది అందరికంటె నెక్కువగ తగులుచున్నది.

వేడి పోవు మార్గములు నాలుగు. చర్మమునుండి చుట్టునున్న చల్లని గోడలకు వేడి ప్రసరించుట అన్నిటికంటె పెద్దది. మేనిని తాకి పోవు గాలి రెండవది. చర్మమునకు పూసిన మందునీరు ఆరునపుడును, తెరచిన కడుపునుండి తేమ ఆవిరియగునపుడును పోవునది మూడవది. చల్లని బల్లకును, తడిసిన గుడ్డలకును అంటి పోవునది నాలుగవది. ఇవిగాక నరములోనికి ఎక్కించు సెలైను, రక్తము గలవు. గది చలువతోనున్న సెలైను ఒక లీటరు ఎక్కించినను, చలువపెట్టెనుండి తీసిన రక్తపు సంచి యొకటి ఎక్కించినను, పెద్దవాని మేనివేడి ఇంచుమించు పావు డిగ్రీ తగ్గును. నాలుగు సంచులైనచో ఒక డిగ్రీ. రోడ్డు ప్రమాదమున రక్తము కోల్పోయి వచ్చినవానికి ఇది చిన్న లెక్క కాదు.

వెన్నులో మత్తుసూది వేసినపుడు రోగి మేలుకొనియే యుండును గనుక ఈ భయము లేదని పలువురి నమ్మకము. అది సరి కాదు. సూది పనిచేసినంత మేర నడుము క్రింది నాళములు విప్పారును, కాళ్లు వణకజాలవు, పైగా కాళ్లనుండి మెదడునకు చలి వార్త చేరదు. లోపలి వేడి దిగుచున్నను కొందరు రోగులు తమకు చలి లేదనియే చెప్పుదురు. శస్త్రచికిత్సచేత కాన్పైన తల్లులలో పలువురు వడవడ వణకుట మీరు చూచియుందురు. ఆ వణకు భయమువలననో, బలహీనతవలననో యని యింటివారు తలంతురు. మేనివేడి తగ్గుట దానికి ముఖ్యకారణములలో నొకటి. ఆ చలిగదిలోనే అప్పుడే పుట్టిన బిడ్డ తడిమేనితో నుండును. బిడ్డను వెంటనే పొడిగ తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్మునకు చేర్చుట చాల చవుకైన వెచ్చదనము.

పసిబిడ్డలకు బరువుతో పోల్చిచూచిన మేని విస్తీర్ణము ఎక్కువ; తల పెద్దది; చర్మము క్రింద క్రొవ్వు తక్కువ. వారి వేడి త్వరగ పోవును. వృద్ధులకు కావలివాడే వృద్ధుడు. నాళములు త్వరగ బిగియవు, వణకు బలముగ రాదు. బక్కపలుచనివారికిని, కాలినగాయములవారికిని, థైరాయిడు లోపము గలవారికిని ఇట్టి జాగ్రత్తయే మరింత యవసరము.

వేడి ఒకటి రెండు డిగ్రీలు దిగినంతమాత్రమున నష్టమేమి? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి ఊహలతో గాక, జరిగిన పరిశోధనలతో సమాధానము చెప్పెదను.

1996వ సంవత్సరమున ఆస్ట్రియాలోని వియన్నా నగరమున పెద్దప్రేగు శస్త్రచికిత్స జరిగిన 200 మందిని రెండు వర్గములుగ చేసి చూచిరి. వెచ్చగ నుంచినవారిలో నూటికి ఆరుగురికి గాయము చీముపట్టెను. వేడి 34.7 డిగ్రీలవరకు దిగనిచ్చినవారిలో నూటికి 19 మందికి పట్టెను. వీరు ఆసుపత్రిలో సగటున రెండున్నర రోజులు అధికముగ నుండవలసివచ్చెను. కారణము కష్టమైనది కాదు. చలికి నాళములు బిగిసినచో గాయమునకు రక్తము తగ్గును. రక్తముతో వచ్చు ప్రాణవాయువు తగ్గును. క్రిములతో పోరాడు తెల్లకణములు నీరసించును. అదే సంవత్సరము ఆ నగరముననే తుంటికీలు మార్చిన 60 మందిని పరీక్షించిరి. వెచ్చగనున్నవారికి సగటున 1.7 లీటర్ల రక్తము పోగా, 35 డిగ్రీలకు దిగినవారికి 2.2 లీటర్లు పోయెను. చలువవలన రక్తము గడ్డకట్టు శక్తి మందగించుటయే దీనికి హేతువు. 1997లో అమెరికాలో గుండెజబ్బు గలవారు, వచ్చు నవకాశము గలవారు 300 మందిని పరిశీలింపగా, వెచ్చగనున్నవారిలో నూటికి 1.4 వంతున, చల్లబడినవారిలో 6.3 వంతున గుండెకు సంబంధించిన ఉపద్రవములు కలిగెను. 2001లో ఇంగ్లండునందు హెర్నియా, రొమ్ముగడ్డ, కాళ్ల ఉబ్బునరములు మొదలగు చిన్న శస్త్రచికిత్సలకు వచ్చిన 421 మందిలో ముందుగ వెచ్చబెట్టినవారికి నూటికి 5, వెచ్చబెట్టనివారికి నూటికి 14 వంతున గాయములు చెడెను.

ఇవిగాక చల్లబడిన శరీరమునందు మందులు త్వరగ విరిగిపోవు. కండరములను సడలించు మందులలో నొకటియగు వెక్యురోనియము ప్రభావము, వేడి రెండు డిగ్రీలు దిగినచో రెట్టింపునకు మించి నిలుచును. రోగి ఆలస్యముగ తేరుకొనును. తేరుకొన్న పిమ్మట వచ్చు వణకు కుట్లను లాగి నొప్పి పుట్టించును. శరీరమునకు కావలసిన ప్రాణవాయువును పెంచి, బలహీనమైన గుండెకు బరువగును.

పై యంకెలు చూచి మత్తువైద్యుడు 37 డిగ్రీలకు ఒక్క వెంట్రుకవాసి తగ్గనిచ్చినను అపరాధియని తలపరాదు. 2022వ సంవత్సరమున చైనాలోని పెక్కు ఆసుపత్రులలోను, అమెరికాలోని యొక ఆసుపత్రిలోను 5,056 మందిపై జరిగిన పెద్ద పరిశోధన ప్రకటింపబడెను. కొందరిని 37 డిగ్రీలయందును, కొందరిని 35.5 డిగ్రీలయందును నిలిపిరి. గుండె ఉపద్రవములు, మరణములు రెండు వర్గములందును ఇంచుమించు సమానముగనే యుండెను. అనగా 35.5 డిగ్రీలకు పైన నున్నంతవరకు ప్రతి భిన్నమునకును బెదరనక్కరలేదు. అంతకు దిగువకు జారనిచ్చుటకు మాత్రము ఆ పరిశోధన అనుమతి నిచ్చుట లేదు. ఎవరును కొలువనిచోట వేడి ఎంతవరకు జారినదో యెవరికి తెలియును?

చలువ యెల్లప్పుడును శత్రువు కాదనియు చెప్పవలెను. 1952వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున లూయిసు అను శస్త్రవైద్యుడు అయిదేండ్ల బాలికను 28 డిగ్రీలవరకు చల్లబరచి, కొద్ది నిమిషములు రక్తప్రసారమును నిలిపి, గుండెను తెరచి అందలి రంధ్రమును కుట్టెను. చల్లబడిన మెదడునకు ప్రాణవాయువు తక్కువ చాలును. ఆ సూత్రమే బాలికను కాపాడెను. అది తెలిసి, కొలిచి, కోరి చేసిన చలువ. మనము నివారింపవలసినది తెలియక, కొలువక, ఏమరుపాటున వచ్చిన చలువ.

నివారణోపాయములు దుర్లభములు కావు. మొదటిది కొలుచుట. చంకలో పెట్టు థర్మామీటరు గర్భగృహపు వార్తను సరిగ చెప్పజాలదు. దీర్ఘమైన శస్త్రచికిత్సలో అన్నవాహికలోనో, ముక్కు వెనుకభాగముననో సన్నని తీగవంటి కొలతసాధనము నుంచుదురు. ఇంగ్లండులోని జాతీయ సంస్థ 2008లో ప్రకటించిన నియమముల ప్రకారము రోగివేడి 36 డిగ్రీలున్నగాని, అత్యవసరమైనపుడు దప్ప, మత్తు ప్రారంభింపరాదు. ప్రతి అరగంటకు వేడి చూడవలెను. రోగి మేను తెరచియున్నంతసేపు గది 21 డిగ్రీలకు తగ్గరాదు. అరలీటరుగాని అంతకు మించిగాని ఎక్కించు ద్రవములను 37 డిగ్రీలకు వెచ్చచేసి ఎక్కించవలెను. రెండవది ముందుగ వెచ్చబెట్టుట. వెచ్చని గాలిని నింపు కాగితపు దుప్పటి యొకటి గలదు. చిన్న యంత్రము గాలిని వేడిచేసి గొట్టముద్వారా ఆ దుప్పటిలోనికి పంపును. మత్తునకు ముందు అరగంట దానిని కప్పినచో మొదటి గంట దిగుడు చాలవరకు తగ్గును. మూడవది మామూలు కప్పడము. ఆపరేషను చేయు చోటు దప్ప తక్కిన మేనిని, ముఖ్యముగ పసివారి తలను, పొడి దుప్పటితో కప్పియుంచుటకు యంత్రమేమియు నక్కరలేదు.

ఇచ్చట నొక హెచ్చరిక. ప్రేమాతిశయముచేత కొందరు బంధువులు మత్తు దిగని రోగి కాళ్లయొద్ద వేడినీళ్ల సంచినో, వేడినీళ్లు నింపిన సీసానో పెట్టుదురు. మత్తునందున్న చర్మమునకు కాలుట తెలియదు. వెన్నుసూది వేయించుకొన్నవారు మాటలాడుచున్నను వారి కాళ్లకు ఏమియు తెలియదు. చేతికి హాయిగ దోచు వేడియే వారి మడమలను బొబ్బలెక్కించును. నర్సును అడుగక ఇట్టి పని యెన్నడును చేయరాదు. సెలైను సీసాలను వేడినీళ్లలో ముంచి అందాజుగ వెచ్చచేయుటయు అపాయకరమే.

ఇంతవరకు చలువను గూర్చి చెప్పితిని. దీనికి విరుద్ధమైన ఆపద యొకటి గలదు. అది అరుదు, కాని వచ్చినచో భయంకరము. కొందరి కండరములలో పుట్టుకతోనే యొక లోపముండును. హాలోథేను, సెవోఫ్లురేను మొదలగు ఆవిరిమందులుగాని, సక్సినైల్‌కోలీను అను కండరములను సడలించు మందుగాని సోకినపుడు వారి కండరములు బిగిసి, లోలోపల మండిపోవును. ఊపిరిలో బొగ్గుపులుసు గాలి హెచ్చును, నాడి పరుగెత్తును, పిదప మేనివేడి మంటవలె పెరుగును. దీనిని డాక్టర్లు మాలిగ్నెంటు హైపర్‌థెర్మియా యందురు.

ఇది వంశమువెంట వచ్చునని తెలిసిన కథ వినదగినది. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నునందు కాలు విరిగిన యువకు డొకడు ఆసుపత్రికి వచ్చెను. అతనికి విరిగిన కాలికంటె మత్తుమందే యెక్కువ భయము. ఏలయన అతని బంధువులలో పదిమంది ఈథరు మత్తునకు పిమ్మట మరణించియుండిరి. ఈథరు కాక హాలోథేను ఇచ్చిరి. అయినను వేడి హెచ్చెను. వైద్యులు వెంటనే మత్తు ఆపి, మంచుతో చల్లబరచి అతనిని బ్రతికించిరి. డెన్‌బరో, లవెల్ అను వైద్యులు ఈ కుటుంబవృత్తాంతమును లాన్సెటు పత్రికలో ప్రకటింపగా ఈ జబ్బు లోకమునకు తెలిసెను. 1975లో దక్షిణాఫ్రికాలో హారిసను అను వైద్యుడు డాంట్రోలీను అను మందు ఇట్టి లోపముగల పందులను కాపాడునని కనుగొనెను. పూర్వము ఈ యాపద వచ్చిన పదిమందిలో ఏడెనిమిదిమంది మరణించుచుండిరి. మందును, మెలకువయు లభించినచోట్ల మరణములు పదింట నొకటికంటె తక్కువకు దిగినవి. కాని ఆ మందు ప్రతి ఆసుపత్రియందును నిలువయుండదు. ముందు తెలిసినచో ఆ యావిరిమందులు లేకుండ నిరపాయముగ మత్తియ్యవచ్చును. ఆ యువకుడు తన బంధువుల మాట దాచియుండినచో ఏమైయుండునో యోచింపుడు.

సక్సినైల్‌కోలీను విషయముననే మరియొక వంశలోపము గలదు. అది మేనివేడికి సంబంధించినది కాకపోయినను మన సభకు తెలుపదగినది. ఆ మందును విరుగగొట్టు పదార్థము కొందరి రక్తములో లోపించుటచే, కొలది నిమిషములలో తేరుకొనవలసినవారు గంటలకొలది ఊపిరి తమంతట తీసికొనజాలక యంత్రముపై నుండవలసివచ్చును. మన దేశమునందలి వైశ్యకుటుంబములలో ఈ లోపము హెచ్చుగ కానవచ్చినదని పరిశోధకులు ప్రకటించియున్నారు. తమలో తామే వివాహసంబంధములు చేసికొను సంఘములన్నియు ఇట్టి వృత్తాంతములను తెలిసికొనియుండుట మేలు. మనము గోత్రములు, ఇంటిపేర్లు, మేనరికములు తరతరములుగ జ్ఞాపకముంచుకొందుము. ఫలానా పెదనాయనగారు ఆపరేషను బల్లపై నెట్లు పోయిరో మాత్రము, “ఆయువు తీరినది” అని ఊరకుందుము. ఆ మాట డాక్టరునకు చెప్పిన యొక మనుమని ప్రాణము దక్కవచ్చును.

కావున ప్రతి గృహస్థునకును నా విన్నపములు ఇవి. శస్త్రచికిత్సకు పోవునపుడు వంశములో మత్తువలన కలిగిన మరణములుగాని, విపరీతజ్వరములుగాని, తేరుకొనుటలో ఆలస్యముగాని యున్నచో అడుగకున్నను చెప్పుడు. ఉదయము తలంటు స్నానము చేసినచో జుట్టు పూర్తిగ ఆరనిండు. ఆపరేషను గది గుమ్మమువరకు శాలువ తీయకుడు. చలివేయుచున్నచో మొగమాటము లేక చెప్పుడు. “మేనివేడి చూచుచుందురా?” అని డాక్టరుగారిని వినయముగ నడుగుడు, అది వారిని తప్పుపట్టుట కాదు. తిరిగివచ్చిన రోగి వణకుచున్నచో నర్సును పిలువుడు. పసిబిడ్డకు జ్వరమున్నపుడు మాత్రము చలియని భ్రమించి దుప్పటిపై దుప్పటి కప్పకుడు.

దాతలకు నొక ప్రత్యేక విన్నపము. మనవారు ఆసుపత్రులకు గదులు కట్టింతురు, మంచము లిత్తురు, చలువరాతిపై పేరు చెక్కింతురు. అవి స్తుత్యములే. కాని చిన్న పట్టణముల ఆసుపత్రులలో ఆపరేషను గదిని చల్లబరచు యంత్ర ముండును. రోగిని వెచ్చబరచు యంత్రము లేకపోవచ్చును. ఒక వెచ్చనిగాలి యంత్రము, దానికి ఏడాది సరిపడు దుప్పట్లు, లోపలివేడిని కొలుచు సాధనములు, సెలైనును రక్తమును సరియైన వేడికి తెచ్చు పరికరము, తువ్వాళ్లు, పసివారి టోపీలు. ఇవి యొక గది కట్టుటకంటె చాల తక్కువతో సమకూరును. యంత్రమునిచ్చి ఊరకున్న చాలదు. దుప్పట్లు అయిపోయినపుడు మరల కొనుటకు కొంత సొమ్ము వడ్డీపై నుంచి, ఏటేట అందునట్లు చేసినగాని ఆ యంత్రము మూలబడును. మన సంఘనిధినుండి ప్రతి సంవత్సరము నొక్క ఆసుపత్రికైన ఈ సామగ్రిని సమకూర్చుటకు ఈ మహాసభ తీర్మానము చేయవలెనని కోరుచున్నాను. ఆ బల్లపై పరుండువారు మనవారే కానక్కరలేదు. చలికి కులము లేదు, వెచ్చదనమునకును ఉండరాదు.

మత్తునందున్నవానికి అడుగుటకు నోరు లేదు. కప్పుకొనుటకు చేయి లేదు. అతడు తన దేహమును మన చేతులలో పెట్టి కన్నులు మూసినాడు. ఆ నమ్మకమును నిలుపుట వైద్యునకెంత ధర్మమో, వైద్యునకు సాధనములు సమకూర్చు సంఘమునకును అంతియే ధర్మము. 

శుభమస్తు.